మూడు ఊళ్ల పేర్లు, 72 బైట్లు

బెంగళూరు నుంచి గుంతకల్లు పోయే రైలుదారిలో హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడగొట్టినప్పుడు మూడూ అనంతపురం నుంచి శ్రీ సత్యసాయి జిల్లాలోకి మారాయి. పేర్లను కూడబలుక్కుని చదివితే మూడింటికీ నాలుగేసి అక్షరాలే: హిం-దూ-పు-రం, పె-ను-కొం-డ, ధ-ర్మ-వ-రం. సీ ప్రోగ్రాములో ఇవే పేర్లను వైడ్ క్యారెక్టర్లుగా, అంటే ఒక్కో యూనికోడ్ సంకేతానికి ఒక్కో గడి చొప్పున, పెడితే లెక్క 9, 8, 7 అవుతుంది. మల్టీబైట్‌లోకి, అంటే ఇవాళ్టి వాడుకలో యూటీఎఫ్-8లోకి మారిస్తే 27, 24, 21 బైట్లు. మొత్తం 72.

ఒకే పేరుకు మూడు పొడవులన్నమాట. సీ భాషలో వైడ్ నుంచి మల్టీబైట్‌కు మార్చడం గురించి ఎన్ని మాన్యువళ్లు చదివినా, తెలుగువాడికి ఎదురయ్యే చిక్కులన్నీ ఈ మూడు లెక్కల్ని ఒకదానితో ఒకటి కలిపేసుకోవడం దగ్గరే మొదలవుతాయి. మార్పిడి లెక్క గోరంత, దాని చుట్టూ తంటా కొండంత. ముందు గోరంత సంగతి తేల్చేద్దాం.

యూనికోడ్‌లో తెలుగుకు ఇచ్చిన చోటు 3072 నుంచి 3199 దాకా, మొత్తం 128 గళ్లు. హకారం సంఖ్య 3129. దాన్ని 64తో భాగిస్తే భాగఫలం 48, శేషం 57. రెండింటికీ 128 చొప్పున కలిపితే 176, 185. వాటి ముందు 224 పెడితే యూటీఎఫ్-8లో హకారం తయారు: 224, 176, 185. గుడిదీ అంతే: 224, 176, 191. సున్న 224, 176, 130. కొమ్ముదీర్ఘం 3138 కాబట్టి 224, 177, 130. సున్నకూ కొమ్ముదీర్ఘానికీ తేడా నడిమి బైటులో ఒక్క అంకె మాత్రమే. తెలుగు గళ్లన్నీ 4096 లోపే ఉన్నాయి గనక మొదటి బైటు ఎప్పుడూ 224. నడిమిది 176 లేదా 177. తెలుగు సంకేతం ఏదైనా సరే, సరిగ్గా మూడు బైట్లు. ఇందులో మినహాయింపులు లేవు.

హిందూపురం కర్ణాటక సరిహద్దు ఊరు కాబట్టి ఇంకో మాట. కన్నడ గళ్లు తెలుగు గళ్లను ఆనుకునే, 3200 నుంచి 3327 దాకా ఉంటాయి. వరస కూడా ఒకటే. కన్నడ హకారం మన హకారానికి సరిగ్గా 128 అవతల ఉంటుంది. బైట్లలో చూస్తే 224, 178, 185. నడిమి బైటు 176, 177 అయితే తెలుగు. 178, 179 అయితే కన్నడ. రెండు భాషల పేర్లూ కలిసిన జాబితాను వేరు చేయాలంటే ఈ ఒక్క బైటు చూస్తే సరిపోతుంది.

ఈ పక్కపక్క పోలిక ఊరికే రాలేదు. యూనికోడ్ వాళ్లు భారతీయ లిపుల వరసను మన దేశపు ఇస్కీ ప్రమాణం నుంచి తీసుకున్నారు. 1988 నాటి ఆ ప్రమాణమే 1991లో ఐఎస్ 13194గా స్థిరపడింది. ఇస్కీలో లిపికో చోటు లేదు. కకారం తెలుగైనా కన్నడమైనా 179వ బైటే. ఏ లిపిలో చదవాలో ముందు వచ్చే 239 అనే బైటూ, దాని వెనకే వచ్చే లిపి సంఖ్యా చెబుతాయి: తెలుగుకు 69, కన్నడకు 72. ఫైలును మధ్యలో తెరిస్తే 179 ఏ భాషదో తేల్చే దారి లేదు. వెనక్కి వెళ్లి 239ని వెతుక్కోవాలి.

సీ ప్రమాణం రాసినవాళ్ల మనసులో ఇలాంటి సంకేతాలే ఉన్నాయి. కాకపోతే ఇస్కీ కాదు, జపాన్ వాళ్లవి. ఎస్కేప్ బైట్లతో లిపి మార్చుకునే పద్ధతులు, ఒక అక్షరానికి ఒకటో రెండో బైట్లు పట్టే పద్ధతులు అక్కడ 1980లలోనే నాలుగైదు నడుస్తున్నాయి. అందుకే 1989 నాటి తొలి సీ ప్రమాణం ఏ ఒక్క సంకేతాన్నీ పేరు పెట్టి చెప్పలేదు. డబ్ల్యూచార్-టీ అనే వెడల్పు గడిని ఇచ్చింది, దాని సైజు మాత్రం కంపైలర్ల ఇష్టానికి వదిలేసింది. మల్టీబైట్ అంటే ఏమిటో లొకేల్, అంటే భాషా ప్రాంతాల అమరిక, చెబుతుందని ఊరుకుంది. ఒక్కో అక్షరానికి డబ్ల్యూసీ-టు-ఎంబీ, మొత్తం స్ట్రింగుకు డబ్ల్యూసీఎస్-టు-ఎంబీఎస్ ఇచ్చింది. మొదటిది లిపి స్థితిని తనలోనే దాచుకుంటుంది గనక రెండు థ్రెడ్లు ఒకేసారి వాడితే గందరగోళం. 1995 సవరణలో ఆ స్థితిని బయటికి తీసి, ప్రోగ్రామరు చేతికిచ్చి, పేర్లలో ఒక ‘ఆర్’ చేర్చారు: డబ్ల్యూసీఆర్-టు-ఎంబీ, డబ్ల్యూసీఎస్ఆర్-టు-ఎంబీఎస్. ఆ ‘ఆర్’ ఎంత విలువైనదో కాసేపట్లో చూద్దాం.

ఈలోగా 1992 సెప్టెంబరులో కెన్ థాంప్సన్, రాబ్ పైక్ న్యూజెర్సీలో ఒక హోటల్లో భోజనం బల్ల మీది కాగితంపై యూటీఎఫ్-8ని గీశారు. దానికి స్థితి అక్కర్లేదు. 128 నుంచి 191 దాకా ఉన్న బైటు కనిపిస్తే అది అక్షరం మధ్యదని తెలుస్తుంది. ఒకటి రెండు బైట్లు వెనక్కి జరిగితే మొదలు దొరుకుతుంది. సీ ప్రమాణం ఏ రోగానికి మందు తయారుచేసుకుందో ఆ రోగం మూడేళ్లలో సగం తగ్గిపోయింది. మందు మాత్రం సీలో ఉండిపోయింది.

ఇక కొండంత తంటా. మొదటిది లొకేల్. సీ ప్రోగ్రాము ఎక్కడ మొదలైనా ‘సీ’ అనే పేరున్న లొకేల్‌తోనే మొదలవుతుంది. దానికి ఇంగ్లిష్ అక్షరాలు తప్ప మరొకటి తెలియదు. అప్పుడు హిందూపురం పేరును మార్చమంటే డబ్ల్యూసీఎస్-టు-ఎంబీఎస్ మైనస్ ఒకటి తిప్పి పంపుతుంది. ప్రింట్ఎఫ్‌లో వైడ్ స్ట్రింగు పెట్టినా లోపల జరిగేది ఇదే మార్పిడి కాబట్టి తెర మీద ఏమీ పడదు, ఎర్రర్ మాట కూడా రాదు. ఇంటర్నెట్‌లో కొత్తవాళ్లు అడిగే ప్రశ్నల్లో ఎక్కువ భాగానికి జవాబు ఒకే లైను: మెయిన్‌లో అడుగు పెట్టగానే ఖాళీ స్ట్రింగుతో సెట్‌లొకేల్‌ను పిలవండి. లినక్స్‌లో తెలుగు లొకేల్ యూటీఎఫ్-8 తోనే వస్తుంది, కానీ మార్పిడికి తెలుగు లొకేలే ఉండనవసరం లేదు. యూటీఎఫ్-8 ఉన్న ఏ లొకేలైనా తెలుగును మారుస్తుంది. ‘తెలుగు ప్యాక్ వేయలేదు, అందుకే రావడం లేదు’ అనే మాట చాలాసార్లు వింటాం. మార్పిడికి దానితో పని లేదు.

విండోస్ కథ వేరు. 1993లో విండోస్ ఎన్‌టీ వచ్చేటప్పటికి యూనికోడ్ అంటే 16 బిట్లే. అందుకే అక్కడ డబ్ల్యూచార్-టీ 2 బైట్లు, లినక్స్‌లో 4. హిందూపురం వైడ్‌గా విండోస్‌లో 18 బైట్లు, లినక్స్‌లో 36. యూటీఎఫ్-8లో రెండు చోట్లా 27. అంటే లినక్స్‌లో మార్పిడి పేరును కుదిస్తుంది, విండోస్‌లో ఉబ్బిస్తుంది. వైడ్ స్ట్రింగు ఎన్ని బైట్లో అన్నే బైట్ల బఫరు కేటాయించే ప్రోగ్రాము లినక్స్‌లో ఏళ్ల తరబడి బాగానే నడిచి, విండోస్‌కు తీసుకెళ్లిన మొదటి రోజే తెలుగు పేరు దగ్గర కుప్పకూలుతుంది. ఇంగ్లిష్‌తో పరీక్షిస్తే రెండు చోట్లా ఏమీ కాదు.

విండోస్‌కు సొంతంగా వైడ్‌చార్-టు-మల్టీబైట్ అనే ఫంక్షన్ ఉంది. దాన్ని 65001 కోడ్‌పేజీతో, అంటే యూటీఎఫ్-8తో పిలవాలి. పొడవు స్థానంలో మైనస్ ఒకటి ఇస్తే చివరి సున్నాను కూడా లెక్కేసి హిందూపురానికి 28 చెబుతుంది. 9 ఇస్తే 27 చెబుతుంది, చివర సున్నా పెట్టదు. డబ్ల్యూసీఎస్-టు-ఎంబీఎస్ ఎప్పుడూ 27 చెబుతుంది. రెండు లెక్కలూ కలిపి రాసిన కోడ్‌లో ఒక్క బైటు అటో ఇటో అయి, పేరు చివర చెత్త వస్తుంది. తెలుగుకు విండోస్‌లో పాతకాలపు ఆన్సీ కోడ్‌పేజీ ఎప్పుడూ లేదు. కాబట్టి 65001 మరిచిపోయి డిఫాల్టుకు వదిలేస్తే పేరు బదులు తొమ్మిది ప్రశ్నార్థకాలు వస్తాయి. ఎర్రర్ మాత్రం రాదు. లినక్స్ మార్చనని మొండికేస్తుంది, విండోస్ మారుస్తానని పేరును తుడిచేస్తుంది. నా మటుకు మొండితనమే మేలు. విండోస్ 10లో 2018 నుంచి సెట్‌లొకేల్‌కే యూటీఎఫ్-8 అని చెప్పే వీలు వచ్చింది కాబట్టి కొత్త కోడ్‌లో ఈ బాధ కొంత తప్పింది.

అసలు గోతి మాత్రం బఫరు సైజు దగ్గరుంది. ఇది ఇంగ్లిష్ పుస్తకాల్లో పెద్దగా కనిపించదు, ఎందుకంటే ఇంగ్లిష్‌కు ఇది తగలదు. ధర్మవరం పట్టుచీరల దుకాణానికి బిల్లు ప్రోగ్రాము రాస్తున్నారనుకోండి. ఊరి పేరుకు 20 బైట్లు ఇచ్చారు. నాలుగు అక్షరాల పేరుకు 20 బైట్లు ఎక్కువే అనిపిస్తుంది. డబ్ల్యూసీఎస్-టు-ఎంబీఎస్‌కు హిందూపురం ఇచ్చి, హద్దు 20 అన్నారు. అది సంకేతాన్ని సగంలో కొయ్యదు. ఆరు సంకేతాలు మార్చి 18 బైట్ల దగ్గర ఆగుతుంది. ఏడో సంకేతానికి మూడు బైట్లు కావాలి, మిగిలినవి రెండే. ఫంక్షన్ 18 తిప్పి పంపుతుంది. చివర సున్నా పెట్టదు.

సీ ప్రమాణం అడుగున ఒక చిన్న గమనిక ఉంది: తిరిగొచ్చిన విలువ హద్దుతో సమానమైతే చివర సున్నా ఉండదని. చదివినవాళ్లు దాన్ని తిరగేసి, హద్దు కంటే తక్కువ వస్తే సున్నా ఉన్నట్టే అనుకుంటారు. ఇంగ్లిష్‌లో అది నిజమే, ఒక్కో అక్షరం ఒక్కో బైటు కాబట్టి. తెలుగులో కాదు. 18 అనేది 20 కంటే తక్కువ, అయినా సున్నా లేదు. ‘తిరిగొచ్చింది హద్దుకు సమానమా’ అని బుద్ధిగా తనిఖీ చేసిన ప్రోగ్రామే తెలుగు పేరు దగ్గర బఫరు దాటి చదువుతుంది. బిల్లు మీద ‘హిందూప’ పడి, దాని వెనక ఆ క్షణానికి మెమరీలో ఉన్నదేదో పడుతుంది. హద్దును 21కి పెంచితే గోతి పూడిందనుకోవద్దు. జిల్లా పేరు ‘శ్రీ సత్యసాయి’లో నడుమ ఖాళీ ఒకటుంది, దానికి ఒకే బైటు. మూడుల లెక్క అక్కడే తప్పుతుంది.

ఇక్కడ 1995 నాటి ‘ఆర్’ ఆదుకుంటుంది. డబ్ల్యూసీఎస్ఆర్-టు-ఎంబీఎస్‌కు మూల స్ట్రింగు పాయింటరును నేరుగా ఇవ్వం, దాని చిరునామా ఇస్తాం. పని పూర్తయి చివర సున్నా పడితే ఆ పాయింటరు నల్ అవుతుంది. చోటు చాలక ఆగితే, ఎక్కడ ఆగిందో అక్కడికి చూపిస్తుంది. నల్ అయిందా లేదా అన్న ఒక్క ప్రశ్నతో తేలిపోతుంది. గమ్యం స్థానంలో నల్ ఇచ్చి పిలిస్తే ఎన్ని బైట్లు కావాలో చెబుతుంది, ఇది ప్రమాణంలోనే ఉంది. పాత డబ్ల్యూసీఎస్-టు-ఎంబీఎస్‌కు ఈ సదుపాయం పోసిక్స్ అదనంగా ఇచ్చిందే తప్ప సీ ప్రమాణం ఇవ్వలేదు. మాన్యువల్లో రెండూ పక్కపక్కనే కనిపిస్తాయి. కొత్తవాళ్లు పేరు చిన్నదని పాతదాన్నే పట్టుకుంటారు.

బిల్లు దగ్గరే ఇంకోటి. ప్రింట్ఎఫ్‌లో ఎడమకు ఆనించి వెడల్పు 30 అని రాస్తే అది బైట్లలో కొలుస్తుంది. హిందూపురం వెనక మూడు ఖాళీలు, పెనుకొండ వెనక ఆరు, ధర్మవరం వెనక తొమ్మిది. మూడు పేర్లూ కాగితం మీద ఇంచుమించు ఒకే వెడల్పు ఉన్నా, పక్క వరసలో రూపాయలు మెట్లు మెట్లుగా దిగుతాయి.

తెర మీద కనిపించేదాన్ని బట్టి రోగం ఏదో చెప్పొచ్చు. వరసగా ప్రశ్నార్థకాలు వస్తే వైడ్ నుంచి మార్చేటప్పుడు లొకేలో కోడ్‌పేజీనో తప్పింది. అసలు పేరు పోయింది, బాగుచేయడానికి ఏమీ మిగల్లేదు. ఖాళీ చతురస్రాలు వస్తే సాధారణంగా డేటా పదిలంగా ఉంది, ఫాంటే లేదు. మూడో రకం చూడ్డానికి అన్నిటికంటే భయంకరం, నిజానికి తేలిక: తలపై చిన్న గీత ఉన్న లాటిన్ ‘ఏ’, దాని పక్కన ఉష్ణోగ్రతలకు వాడే డిగ్రీ సున్న, మళ్లీ గీత ‘ఏ’, మళ్లీ డిగ్రీ సున్న. గీత ‘ఏ’ అంటే 224. డిగ్రీ గుర్తు 176. నడుమ నడుమ కనిపించే కూడిక-తీసివేత జంటగుర్తు 177. యూటీఎఫ్-8 తెలుగును ఎవరో పడమటి యూరపు సంకేతంగా చదివారు, అంతే. మళ్లీ సేవ్ చేయకుండా ఉంటే వెంటనే తిరిగి రాబట్టొచ్చు. సేవ్ చేస్తే ఒక్కో బైటూ మళ్లీ రెండేసి బైట్లవుతుంది, హిందూపురం లాటిన్-1 లెక్కన 54 బైట్లకు పెరుగుతుంది. అప్పుడూ విప్పొచ్చు, రెండుసార్లు విప్పాలి. మైక్రోసాఫ్ట్ కంపైలరుకు సోర్సు ఫైలు యూటీఎఫ్-8 అని చెప్పకపోతే ఈ జబ్బు ప్రోగ్రాము పుట్టకముందే అంటుకుంటుంది. వైడ్ స్ట్రింగులో తొమ్మిది బదులు ఇరవై ఏడు గళ్లు చేరతాయి. ఆ తర్వాత మార్పిడి ఫంక్షన్‌ను ఎంత తిట్టినా లాభం లేదు.

డీటీపీ సెంటర్లలో పెళ్లికార్డులకూ ఫ్లెక్సీలకూ వాడే అను ఫాంట్ల ఫైళ్లు ఈ లెక్కలోకి రావు. అక్కడ ఉన్నది లాటిన్ సంఖ్యలకు తొడిగిన తెలుగు బొమ్మలే. సీ ఫంక్షన్లకు వాటిలో తెలుగు కనబడదు, వాటిని విడిగా కన్వర్టరుతో మార్చుకోవాల్సిందే.

ఇంతా చేసి, మార్పిడి తప్పులేకుండా జరిగినా అక్షరం నిలుస్తుందన్న హామీ లేదు. ధర్మవరం పేరుకు 10 బైట్ల హద్దు పెడితే ఫంక్షన్ తొమ్మిది బైట్లు రాస్తుంది: ధ, ర, పొల్లు. వచ్చింది ‘ధర్’. బైట్ల లెక్కన తప్పు లేదు, యూనికోడ్ లెక్కన తప్పు లేదు, తెలుగులో మాత్రం ‘ర్మ’ను నడిమికి నరికారు. సీకి సంకేతం తెలుసు, అక్షరం తెలియదు. యూనికోడ్ వాళ్ల అక్షర విభజన నియమాల్లో కూడా 2023 సెప్టెంబరులో 15.1 వచ్చేదాకా ‘ర్మ’ రెండు ముక్కలే. ఇప్పుడు తెలుగు సంయుక్తాక్షరాన్ని ఒకటిగా లెక్కించే నియమం ఉంది. అది ఐసీయూ వంటి లైబ్రరీల్లో దొరుకుతుంది, సీ ప్రమాణంలో కాదు. 2018 ఫిబ్రవరిలో ఒక తెలుగు అక్షరం ఐఫోన్లను కుప్పకూల్చినప్పుడు చాలామంది యూనికోడ్‌ను తప్పుపట్టారు. జకారం, పొల్లు, ఞకారం, కనిపించని విడదీత గుర్తు, దీర్ఘం. ఐదు సంకేతాలు, ఒక్కోటి మూడు బైట్లు, పదిహేను. బైట్లన్నీ సక్రమంగానే ఉన్నాయి. తప్పింది వాటిని బొమ్మగా గీసే కోడు. ఆపిల్ ఆ నెలలోనే ఐఓఎస్ 11.2.6తో సరిదిద్దింది.

మరి వైడ్ క్యారెక్టర్లు అసలు వాడాలా? ఇక్కడ రెండు పక్షాలున్నాయి. వైడ్‌లో అయితే ఒక గడి ఒక అక్షరం, లోపల వైడ్‌గా ఉంచుకుని బయటికి పోయేటప్పుడు మార్చడమే శుభ్రమని పాత పక్షం. ఆ వాదన తెలుగు దగ్గర నిలవదు. ‘శ్రీ’ ఒక్క అక్షరం, వైడ్‌లోనూ నాలుగు గళ్లే. అంతా మొదటి నుంచీ యూటీఎఫ్-8లోనే ఉంచి, విండోస్ ఫంక్షన్‌ను పిలిచే గుమ్మం దగ్గర మాత్రమే మార్చాలని రెండో పక్షం. నేను రెండో పక్షమే. సీ ప్రమాణం కూడా మెల్లగా అటే నడుస్తోంది. 2011లో 16, 32 బిట్ల రకాలు వచ్చాయి, సీ23లో యూటీఎఫ్-8కే ప్రత్యేకంగా చార్8-టీ, దాని మార్పిడి ఫంక్షన్లు వచ్చాయి. పాత ఫంక్షన్లను ఎవరూ తీసేయలేదు, తీసేయరు కూడా. వాటిని నమ్ముకున్న కోడు అంత ఉంది.

మన కాలేజీ ల్యాబుల సంగతి చెప్పకపోతే ఈ సమీక్ష పూర్తి కాదు. 1980ల నాటి టర్బో సీని డాస్‌బాక్స్‌లో తిప్పే ల్యాబులు ఇప్పటికీ ఉన్నాయి. యూనికోడ్ పుట్టకముందే వచ్చిన కంపైలరులో ఈ పాఠం చెప్పడం కుదరదు. విద్యార్థి నాలుగేళ్లు సీ చదివి, తన ఊరి పేరును తెలుగులో ఒక్కసారైనా ప్రింట్ చేయకుండా బయటికి వస్తాడు. ఉద్యోగంలో చేరాక తొలి తెలుగు డేటా ఫైలు తగిలినప్పుడు తప్పు భాషదనుకుంటాడు.

సీ పాఠం చెప్పే మాస్టార్లకు ఒక విన్నపం. స్ట్రింగుల ల్యాబులో ‘హలో వరల్డ్’ అయ్యాక ఒక లెక్క ఇవ్వండి. ‘శ్రీ సత్యసాయి’ని వైడ్ నుంచి యూటీఎఫ్-8లోకి, చివరి సున్నాతో సహా, ఒక్క బైటూ వృథా కాకుండా మార్చడానికి బఫరు ఎంత ఉండాలి? పిల్లల్లో కొందరు ఆరంటారు, కొందరు పదమూడంటారు. కంప్యూటరు ముందు కూర్చోబెట్టి, డబ్ల్యూసీఎస్ఆర్-టు-ఎంబీఎస్‌కు నల్ ఇచ్చి పిలవమని, వచ్చినదానికి ఒకటి కలపమని చెప్పండి. 38 రావాలి.